సముద్రం వైపు గడియారం

జూన్ 3

అత్తా,

కవరు చూడగానే ఏమైందోనని గుండెలు బాదుకోకు. నిక్షేపంలా ఉన్నాను. ఫోను చేస్తే నీ కుట్టు మిషన్ చప్పుడులో సగం వినపడదు, మిగతా సగం నువ్వు వినిపించుకోవు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక తీరిగ్గా చదువుకో.

ఉద్యోగం దొరికింది. పాత పట్నం చూడాలని వచ్చేవాళ్లని పొద్దున్నే వెంటేసుకుని రేవు పక్క వీధుల్లో రెండు గంటలు తిప్పాలి. ఇక్కడ ఎవరుండేవారు, అక్కడ ఏం అమ్మేవారు, ఏం తినేవారు అని చెబుతూ నడిపించి, చివర ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టి కడుపునిండా తినిపించాలి. ఆగస్టు ఆఖరు దాకా చూసి, పనికొస్తానంటే ఉంచుతారు. లేకపోతే మూటాముల్లే సర్దుకోవాలి. "నేను ముందే చెప్పలేదా" అనడానికి నాన్న ఆ మాట నోట్లో పెట్టుకునే కూర్చున్నాడు, నీకు తెలుసుగా మీ తమ్ముడి సంగతి.

చిక్కేమిటంటే, మా మేనేజరమ్మ ఇచ్చిన కాగితాల్లో అన్నీ తారీఖులే. ఏ గోడ ఏ సంవత్సరం కట్టారు, ఏ గోడ ఏ సంవత్సరం కూలింది. నేను చదువుతుంటే జనం ఆవలిస్తున్నారు. నిన్న ఒకాయన నడుస్తూనే కునుకు తీసి నా మడమ తొక్కాడు. నువ్వూ మామయ్యా ఈ ఊళ్లో ఎనిమిదేళ్లు ఉన్నారు కదా. చిన్నప్పుడు నువ్వు ఏవేవో చెబుతుంటే నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. ఒక్కటీ సరిగ్గా గుర్తులేదు. కాస్త రాసి పెట్టవా?

గది బాగానే ఉంది. కిటికీ తీస్తే ఎదురింటి వంటగది. వాళ్లేం వండుతున్నారో నాకు, నేనేం మాడుస్తున్నానో వాళ్లకి తెలిసిపోతుంది. ఉప్పుగాలికి తాళం బిగుసుకుపోయి రెండుసార్లు గది బయటే కూర్చున్నాను.

నీ గడుగ్గాయి


జూన్ 10

గడుగ్గాయికి,

తాళంలో ఒక్క చుక్క మిషన్ నూనె వెయ్యి. వంటనూనె పొయ్యకు, నువ్వు పోసే రకమే.

నీ ఉత్తరం వచ్చేసరికి రెండు వందల బడి చొక్కాల మధ్య కూరుకుపోయి ఉన్నాను. ఒక కాలరుకీ ఇంకో కాలరుకీ మధ్య ఇది రాస్తున్నా, అందుకని ఎక్కడైనా దారం తెగినట్టుంటే నువ్వే ముడి వేసుకుని చదువుకో.

నేను ఆ ఊరు చూసింది తక్కువే. రేవు గోడ వెనక మేడమీద గది మాది. ఓడలవాళ్లకి దిండు గలీబులు కుట్టే పని నాది, రోజుకి నలభై అవ్వాల్సిందే. వెలుతురు బాగా పడేది ఒక్క గోడ దగ్గరే, అందుకని మిషన్ గోడకి మొహం పెట్టుకుని ఉండేది. మీ మామయ్య రేవులో తూకాల గుమాస్తా. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుని, నా వెనక పీట వేసుకుని, ఆ రోజు ఊళ్లో చూసినవన్నీ చెప్పేవారు. నేను వెనక్కి తిరక్కుండా కుడుతూనే వినేదాన్ని. ఊరంతా ఆయన చూశారు, నేను గోడ చూశాను. పోనీలే.

రాసుకో. రేవు దగ్గర గడియార స్తంభం ఉందా? దానికి నాలుగు ముఖాలు. మూడు ముఖాలు సరైన టైమే చూపిస్తాయి. సముద్రం వైపు ముఖాన్ని మాత్రం పది నిమిషాలు వెనక్కి పెట్టారట. ఓడలు ఆ గడియారం చూసే బయల్దేరేవి. సాగనంపడానికి ఆలస్యంగా వచ్చే పెళ్లాంబిడ్డలు పరుగెత్తుకొచ్చి ఒక్కసారి చెయ్యి ఊపడానికి ఆ పది నిమిషాలు.

రెండో గేటు ఎదురు సందులో చేపల చారు పోసే ఒక ముసలమ్మ ఉండేది. గిన్నె చేతికిచ్చే ముందు "ఏ ఊరు నాయనా నీది?" అని అడిగేదట. ఎంత దూరం నుంచి వచ్చినవాడైతే అన్ని మిరియాలు ఎక్కువ వేసేది. దూరం వచ్చినవాడికి లోపల చలి ఎక్కువ ఉంటుందని ఆవిడ లెక్క. రేవు గోడ పొడుగునా ఉన్నది రొట్టెల వీధి. అక్కడ ఒక పొయ్యి తాతల కాలంలో వెలిగించింది, ఒక్క రోజు కూడా ఆరలేదు. ఆ ఇంట్లో పెళ్లయినా చావైనా ఒకరు పొయ్యి దగ్గర కూర్చోవలసిందే.

ప్రస్తుతానికి ఇవి వాడుకో. వేళకి తిను.

మీ అత్త


జూన్ 21

అత్తా అత్తా అత్తా,

నీ చేతులు ఏవీ, ఓసారి ఇటివ్వు, కళ్లకద్దుకుంటాను. గడియారం కథకి చప్పట్లు కొట్టారు! ఒకావిడ నడక మధ్యలో పక్కకి వెళ్లి వాళ్లబ్బాయికి ఫోను చేసింది. ఇప్పుడు ఎవ్వరూ ఆవలించడం లేదు. మేనేజరమ్మ కూడా మొన్న నన్ను చూసి సగం నవ్వింది, పూర్తి నవ్వు ఆవిడ దగ్గర లేదనుకుంటా.

చారు పోసే ముసలమ్మ సందులో ఇప్పుడు ఒక మందుల షాపూ, ఫోన్లు బాగుచేసే కొట్టూ ఉన్నాయి. ఆవిడ పోయి ఎన్నేళ్లయిందో పాపం. "ఇదిగో, ఇక్కడే నిలబడి అడిగేది" అని మందుల షాపు గుమ్మం చూపిస్తున్నాను. రొట్టెల వీధిలో వాసన ఏదీ రావడం లేదు, ఒక పొడుగాటి గోడ తప్ప ఏమీ లేదు. అయినా కథ చెప్పేసరికి అందరికీ ఆకలి వేస్తోంది.

చివర నేను తినిపించే చోటు మాత్రం నేనే పట్టాను. వలలు బాగుచేసేవాళ్ల వీధి చివర రేకుల పంచ. అక్కడ ఒకాయన వేలెడంత చేపల్ని ఉప్పూ మిరియం రాసి వేయిస్తాడు. నిమ్మకాయ తనే పిండుతాడు, మన చేతికివ్వడు, మనకి పిండడం రాదని ఆయన నమ్మకం. ముల్లుతో సహా కరకరలాడుతుంది. మొదటి రోజు పద్నాలుగు తిన్నాను. నాన్నకి చెప్పకు.

మామయ్య ఎంత తిరిగారత్తా! ఎనిమిదేళ్లలో ఊరిని జల్లెడ పట్టేశారు.

నీ గడుగ్గాయి


జూన్ 28

గడుగ్గాయికి,

చప్పట్లు కొట్టారంటే సంతోషం. చొక్కాలు అయిపోయాయి, ఇప్పుడు లాగూలు.

మీ మామయ్య తిరిగారు, ఆయనకేం. ఒక్క ఆదివారం నన్ను వెంట తీసుకెళ్లిన పాపాన పోలేదు. అడిగితే "ఆదివారం కూడా డ్యూటీయే" అనేవారు. డ్యూటీలో ఉన్నవాడికి చారూ, రొట్టెలూ, గడియారాలూ ఎక్కణ్ణుంచి కనపడతాయమ్మా? నేను అడగలేదు. అడిగితే చెప్పడం మానేస్తారేమోనని భయం. ఇంత వయసొచ్చాక ఆ మాటలన్నీ ఎందుకు.

రొట్టెల వీధి నువ్వు సరిగ్గా చూసి ఉండవు. ఆరని పొయ్యి ఎక్కడికి పోతుంది? మళ్లీ వెళ్లి వెతుకు. దొరికితే ఒక రొట్టె పంపు, ఎండిపోయినా పర్లేదు.

మీ అత్త


జూలై 8

అత్తా,

కొంప మునిగింది.

మొన్న నడకకి ఒక పెద్దాయన వచ్చాడు. తెల్లగడ్డం, ఎండకి కాలిన మొహం. గడియారం కథ చెప్పి, అలవాటు ప్రకారం చప్పట్ల కోసం ఆగాను. ఆయన బళ్లో పిల్లాడిలా చెయ్యెత్తాడు. "అమ్మాయ్, ముప్పై ఏళ్లు ఓడల్ని ఈ రేవులోకి తెచ్చి బయటికి పంపిన పైలట్‌ని నేను. ఆ స్తంభానికి సముద్రం వైపు గడియారం లేదు. ఉత్త గోడ. ఏనాడూ లేదు" అన్నాడు. పదిహేను మంది ముందు నా గాలి తీసేశాడు. ఆ వైపు రేవు ఆవరణలో ఉంటుంది, మనలాంటివాళ్లకి వీధిలోంచి కనపడదు. మర్నాడు బతిమాలుకుని ఒక పడవ ఎక్కి చూసొచ్చాను. నిజమే అత్తా. బోడి గోడ, దాని మీద చెమ్మ మరక, పైన ఒక కాకి.

అక్కడితో ఆగలేదు. రొట్టెల వీధి గోడ ఐసు ఫ్యాక్టరీదట, ఆయన పుట్టకముందు నుంచీ. చారు పోసే ముసలమ్మ గురించి ఎవరూ విననే లేదట. ఆయన వెళ్లి మేనేజరమ్మకి చెప్పాడు. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, "చెప్పే ప్రతి కథకీ ఒక కాగితమో, ఒక మనిషో సాక్ష్యం చూపించు. ఆగస్టు ఆఖరు దాకా టైము. లేదంటే ఇక రావద్దు" అంది.

మామయ్య ఉంటే ఆయన్నే అడిగేదాన్ని. ఇవి ఆయనకి ఎవరు చెప్పారో నీకేమైనా గుర్తుందా? పైలట్ తాత ఇంకో మాట కూడా అన్నాడు. "రేవులో ఎనిమిదేళ్లు పనిచేసినవాడికి ఆ గోడ సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది? మీ మామయ్య అసలు రేవులోనే చేశాడా?" అని.

నీ గడుగ్గాయి


జూలై 14

నీ ఉత్తరం చేరింది.

రేవులో కాకపోతే ఎక్కడికి వెళ్లేవారంటావు? పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవారు. ఎనిమిదేళ్లు. నీ ఉద్యోగం కోసం నా మొగుణ్ణి అబద్ధాలకోరుని చేస్తావా? ఎవడో గడ్డం ముసలాడు అనగానే నీకూ అనుమానం వచ్చేసిందా? నీ తొట్టి ఊపినవాడు ఆయన.

ఇక నన్నేమీ అడగకు.

అత్త


జూలై 23

అత్తా,

నేను అన్నది అది కాదు. ఆ పెద్దాయన మాట ఉన్నదున్నట్టు రాశాను, అంతే. నాకు అనుమానం ఉంటే నీకెందుకు రాస్తాను? ఫోను ఎత్తడం లేదు. షాపు వారం నుంచి మూసి ఉందని నాన్న చెప్పాడు. నువ్వు మిషన్ తొక్కడం మానేశావంటే నాకు కాళ్లు చేతులు ఆడటం లేదు.

నన్ను తిట్టు. పెద్ద ఉత్తరం రాసి తిట్టు.

గడుగ్గాయి


ఆగస్టు 2

అత్తా,

నువ్వు అడగొద్దన్నావు కాబట్టి నిన్ను అడగలేదు. వేరేవాళ్లని అడిగాను. ఇది చదివేటప్పుడు కూర్చుని చదువు.

రేవులో పనిచేసి దిగిపోయినవాళ్లకి గేటు పక్కన ఒక గది ఉంది. రోజూ అక్కడ చేరి పేకాడుకుంటారు. వెళ్లి మామయ్య పేరు చెప్పాను. అందరికంటే ముసలాయన ముక్కలు కింద పెట్టేశాడు. ఆయన్ని అందరూ కాటా తాత అంటారు. "వాడా! నా పక్క కాటా వాడిదే కదా!" అన్నాడు. మామయ్య రేవులోనే చేశారత్తా. ఎనిమిదేళ్లూ అక్కడే. ఈ ముక్క ముందు చదివి ఊపిరి పీల్చుకో, తర్వాత మిగతాది చదువు.

నన్ను ఆ షెడ్డుకి తీసుకెళ్లాడు. తాళం లేదు, లోపల పావురాలు. రేకుల షెడ్డు, ఒక్క కిటికీ లేదు. ఒక పక్క బస్తాలు జారే కన్నం, ఇంకో పక్క తలుపు, మధ్యలో తుప్పు పట్టిన రెండు కాటాలు. పొద్దున్న ఆరింటికి లోపలికి వెళితే చీకటి పడ్డాకే బయటికి. అన్నం కూడా అక్కడే, ధాన్యం దుమ్ములో. ఆదివారాలు నిజంగానే డ్యూటీ. షెడ్డు నుంచి మీ గదికి మూడు నిమిషాల నడక, నేను నడిచి చూశాను. దారి పొడుగునా గోడే. ఆ మూడు నిమిషాల గోడే అత్తా, మామయ్య చూసిన ఊరు.

మరి ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయని అడిగాను. కాటా తాత నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆయన మాటలు ఆయన అన్నట్టే రాస్తున్నా.

"అన్నాల దగ్గర వాడికో పిచ్చి ఉండేదమ్మా. బస్తాలు మోసేవాళ్లని కూర్చోబెట్టి, ఊళ్లో ఏం చూశార్రా చెప్పండిరా అని ప్రాణం తీసేవాడు. వాళ్లు మాత్రం ఏం చూశారు? పిసరంత చెప్పేవాళ్లు. మిగతాదంతా వీడే అల్లేవాడు. అల్లి, ముందు మా మీద వేసి చూసేవాడు, ఇలా బాగుందా, అలా బాగుందా అని. గడియారం కథకి నాలుగు రోజులు పట్టింది. మొదట ఐదు నిమిషాలే వెనక్కి పెట్టాడు. ఐదు నిమిషాల్లో పిల్లల తల్లి ఏం పరుగెత్తి వస్తుందిరా, పది చెయ్యి అని నేనే అన్నాను. ఎందుకురా నీకింత శ్రమ అంటే, 'మా ఇంటావిడ పొద్దస్తమానం గోడ చూస్తూ కుడుతుంది, ఉత్త చేతులతో ఎలా వెళ్లను' అనేవాడు."

ఇంతే ఆయన చెప్పింది. నేను షెడ్డులోంచి బయటికి వచ్చి కాసేపు ఏడ్చాను. ఇప్పుడు చెప్పు, ఇది నీకు రాయడం తప్పా? రాయకపోతే తప్పని అనిపించింది.

నీ గడుగ్గాయి


ఆగస్టు 10

నా తల్లికి,

తప్పు కాదు. తప్పు నాది.

నీ మీద కోపం రాలేదు, భయం వేసింది. షాపు మూసుకుని కూర్చుని ఎనిమిదేళ్లనీ కుట్లు విప్పినట్టు విప్పి చూసుకున్నాను. రేవులో కాక ఇంకెక్కడ తిరిగేవారు, ఎవరితో తిరిగేవారు, ఇదే ఆలోచన. ఆయన పోయాక ఆయన మీద అనుమానపడ్డాను చూడు. సిగ్గులేని మనిషిని.

నీకు చెప్పనిది ఒకటుంది. ఎవరికీ చెప్పలేదు. నలభై ఏళ్లు నాకు ఆయన మీద ఒక కచ్చ ఉండేది. ఊరంతా తనే చూసుకున్నారు, నన్ను గోడకి వదిలేశారు అని. ఉద్యోగం మానేశాక ఒకరోజు భోంచేస్తూ, "ఒకసారి వెళ్లి ఆ ఊరు చూసొద్దామా?" అన్నారు. "మీరు చూడనిదేముంది అక్కడ? మీరొక్కరే వెళ్లండి, మీకు అలవాటేగా" అన్నాను. వారం తర్వాత మళ్లీ అడిగారు. మళ్లీ అదే అన్నాను, ఇంకాస్త పుల్లవిరుపుగా. "నువ్వు రాకపోతే నాకెందుకులే" అని అటకమీద నుంచి దింపిన సంచీ మళ్లీ అటకెక్కించేశారు. మరుసటేడు ఆయన లేరు.

నేను చూడలేదనే అడుగుతున్నారనుకున్నాను. ఆయనా చూడలేదని నాకేం తెలుసు? వెళ్లి ఉంటే ఇద్దరం మొదటిసారి చూసేవాళ్లం. ఒక్క మాట చెప్పేస్తే పోయేది కదా. చెబితే ఎనిమిదేళ్ల కథలూ పోతాయని భయపడ్డారేమో. నేను అడగడానికి భయపడ్డట్టే.

నాలుగు రోజులు ఏడ్చాను. ఇవాళ షాపు తీశాను.

మీ మేనేజరమ్మకి చెప్పు, కాటా తాత ఒక సాక్షి, నేను రెండో సాక్షిని. కథలు కట్టినవాడి పక్కనున్నది ఆయన, విన్నది నేను.

మీ అత్త


ఆగస్టు 17

అత్తా,

చెప్పడం కాదు, మేనేజరమ్మని చెయ్యి పట్టుకుని షెడ్డుకే తీసుకెళ్లాను. కాటా తాత మొత్తం మళ్లీ చెప్పాడు, దగ్గుతో సహా. ఆవిడ పావురాల వంక చూస్తూనే, "రేపటి నుంచి నడకలో ఇది కూడా కలుపు. గడియారం అబద్ధం, ఇది నిజం. రెండూ చెప్పు" అంది. కాగితం మీద సంతకం కూడా పెట్టింది. ఉద్యోగం ఖాయం. నాన్నకి నువ్వే చెప్పు, ఆ మొహం నేను చూడలేను, నవ్వొస్తుంది.

పైలట్ తాతకి కూడా చెప్పాను. ఆయన గడ్డం గోక్కుని, "ఆవిడ వస్తే పడవలో నేను తిప్పుతాను" అన్నాడు.

సంచీ దింపు. ఈసారి అటకెక్కిస్తే ఊరుకోను.

నీ గడుగ్గాయి


సెప్టెంబరు 9

గడుగ్గాయికి,

క్షేమంగా చేరాను. నీ గదిలో మాడిన గిన్నె తోమలేక నా సంచీలో వేసుకుని తెచ్చేశాను. ఇక్కడ తోమించి పంపుతాను.

నువ్వు బాగా చెబుతావే. గొంతు మాత్రం కాస్త తగ్గించు, వెనకున్నవాళ్లు చెవిటివాళ్లు కారు. షెడ్డు దగ్గర నువ్వు మీ మామయ్య సంగతి చెబుతుంటే నేను గుంపులో ఎవరో అన్నట్టు నిలబడ్డాను. పక్కనున్నావిడ నా మోచెయ్యి పట్టుకుని "ఎంత అదృష్టవంతురాలో ఆ భార్య" అంది. అవునమ్మా అన్నాను. లోపలికి మాత్రం అడుగు వెయ్యలేకపోయాను.

పైలట్ గారు మంచివాడు. అంతలా తిట్టుకున్నందుకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. పడవలోంచి ఆ బోడి గోడ చూసినప్పుడు ఏడుస్తానేమోనని ఆయన నా మొహం చూడకుండా అటు తిరిగి కూర్చున్నాడు. ఏడవలేదు. నవ్వొచ్చింది. అంత పెద్ద గోడ మీద ఏమీ లేదు కదా, ఎవరికి ఏం కావాలన్నా పెట్టుకోవచ్చు.

నీకు ఒక సంగతి చెప్పాలని ఈ ఉత్తరం. అక్కడున్న నాలుగు రోజులూ, నీ వెనక నడుస్తున్నంతసేపూ, ఇంటికెళ్లాక ఆయనకి ఏం చెప్పాలా అని చూసుకుంటూనే నడిచాను. ఏది చూసినా అదే ధ్యాస. వచ్చిన మర్నాడు సాయంత్రం షాపులో ఎవరూ లేనప్పుడు, మిషన్ తొక్కుతూ పైకే చెప్పడం మొదలుపెట్టాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సముద్రం పెద్దది. వీధులు ఇరుకు. చేప బాగుంది. అంతే, అయిపోయింది. ఒక్క దిండు గలీబు కుట్టేంతసేపు కూడా రాలేదు. ఆయన ఎనిమిదేళ్లు ఎంత కష్టపడ్డారో నాకు అప్పుడు తెలిసింది.

అందుకని కొంచెం కల్పించాను. ఆ చేపలు వేయించేవాడికి ఏడుగురు కూతుళ్లని చెప్పాను. పెద్దపిల్ల వరకూ బాగానే వచ్చింది. మిగతా ఆరుగురినీ ఏం చెయ్యాలో తోచడం లేదు. నీకేమైనా తడితే వెంటనే రాయి, సాయంత్రానికి నాకు కావాలి.

మీ అత్త